సైజు అడగని చెప్పుల మామ

మా చిన్నమామ పోయిన కబురు అత్తే ఫోన్ చేసి చెప్పింది. పొద్దున ఇంకా ఎండెక్కలేదు. "బిడ్డా, మీ మామ లేడు. సంతకు పోదామని బండి సర్దుకున్నడు, చాయ్ తాగిండు, గోడకు ఒరిగి కూసున్నడు. కునుకు పట్టిందేమో అనుకున్న" అంది. గొంతులో ఏడుపు లేదు. ఆ ఏడుపంతా నేను వెళ్లాక నన్ను పట్టుకుని ఏడ్చింది. వాకిట్లో ట్రాలీ ఆటో సరుకుతో నిండుగా ఉంది, టార్పాలిన్ మీద తాడు బిగించి ఉంది. ఆ రోజు పినపాక వైపు సంత. మధ్యాహ్నం కాకముందే అక్కడి నుంచి ఫోన్లు రావడం మొదలైంది, చెప్పుల మామ ఇంకా రాలేదేమని. ఒక్కొక్కరికీ సమాధానం చెప్పే పని నాకు అప్పగించారు. నాలుగో ఫోన్‌కు నా వల్ల కాక, ఫోన్ మా బావ చేతికిచ్చేశాను.

చిన్నమామ మా అమ్మకు ఆఖరి తమ్ముడు. భద్రాచలం అడవి అంచున జరిగే వారపు సంతలన్నీ తిరిగి మగవాళ్ల చెప్పులూ బూట్లూ అమ్మేవాడు. ఆడవాళ్లవి పెట్టేవాడు కాదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆడోళ్లు వాళ్లకేం కావాల్నో వాళ్లే చూస్కుంటరు. మగోనికే తెల్వది, ఒకరు చెప్పాలె" అనేవాడు. ఇందులో నిజమెంతో గానీ, ఆ మాట విన్న ఆడవాళ్లు మాత్రం తమ ఇంటి మగవాళ్లను ఆయన దగ్గరికే తోలేవారు.

మా తాతకు మిర్చి తోట, పత్తి చేను ఉండేవి. రైతు కొడుకు సంతలో చెప్పులు పరుచుకుని కూర్చోవడం ఆయనకు చివరిదాకా మింగుడు పడలేదు. చుట్టాల్లో ఎవరైనా మామ సంగతి అడిగితే, "ఏదో వ్యాపారం" అని మాట మార్చేవాడు. ఒకసారి పండక్కి అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు ఆ గొడవ బయటికే వచ్చింది. మామ కోప్పడలేదు. "నాయనా, నీ మిరపకాయ నోట్లె పెట్టుకుంటరు, నా చెప్పు కాళ్లకు పెట్టుకుంటరు. మనం మాత్రం రెండిటితోటి అన్నమే తింటున్నం. పచ్చడెయ్యి" అన్నాడు. తాత పచ్చడి వేశాడు.

చెప్పుల దుకాణంలో ఎవరైనా ముందు అడిగేది ఎన్నో నంబరని. మామ మాత్రం "ఏ పనికి?" అని అడిగేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేవారు. చెప్పులకు పనేమిటి, వేసుకోవడానికే కదా అనేవారు. "ఏసుకొని ఎటు పోతవ్? చేన్లకా, అడవికా, ఏటికా?" అని మళ్లీ అడిగేవాడు. జవాబు సరిగ్గా రాకపోతే సరుకు చూపించడు. పక్కనే బిందెలమ్ముకునే ఆయన, "నువ్వు అమ్మనీకొచ్చినవా, కేసు రాయనీకొచ్చినవా?" అని ఆటపట్టించేవాడు.

ఒక రైతు నాట్ల ముందు గంబూట్లు కావాలని వచ్చాడు. బురద పని, బూట్లు మంచివేనని ఆయన ఉద్దేశం. మామ చేతికందిన గంబూటు మళ్లీ కింద పెట్టేశాడు. "దమ్ము చేసిన మడిలె గిది ఏస్కుంటే బూటు మడిలుంటది, నువ్వు గట్టు మీదుంటవ్. ఆడ మీ అమ్మ ఇచ్చిన కాళ్లే నయం. రాత్రిపూట మోటరు పెట్టనీకి పోతవా?" అని అడిగాడు. పోతానన్నాడు రైతు. "గట్ల చెప్పు! గట్టు మీద గడ్డిలె పురుగూ పుట్రా ఉంటయ్. గప్పుడు ఏస్కో. ఏస్కునే ముందు తిరగేసి కొట్టు, లోపల తేలుంటే బయటికొస్తది" అని అప్పుడు అమ్మాడు. అమ్మింది అదే గంబూటు. కానీ ఆ మనిషి దాంతో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలుసుకుని వెళ్లాడు.

మా వైపు బొగ్గు గనుల్లో పనిచేసే చుట్టం లేని ఇల్లు తక్కువ. గనిలో ఇచ్చే బూట్లు గట్టివి, ఏళ్లు గడిచినా చెక్కు చెదరవు. అందుకని పాత జత బావమరిదికి, బావమరిది నుంచి వాళ్ల తమ్ముడికి చేతులు మారుతూ ఉంటాయి. ఆ బూట్లతోనే చేలోకి పోతారు, పెళ్లికి పోతారు, వాలీబాల్ కూడా ఆడతారు. మామకు అది చూస్తే ఒళ్లు మండేది. ఊళ్ల మధ్య పోటీల్లో ఒకసారి గని బూట్లతో ఎగరలేక ఎగురుతున్న ఆటగాణ్ని చూసి, "బొగ్గు పెళ్ల మీద పడితే కాలు నుజ్జు కావొద్దని ముందల ఇనుము పెట్టిన బూటు గది. ఈడ నీ మీద ఏం పడ్తది, బాలే గదా!" అని గట్టు మీద నుంచి అరిచాడు. అవతలి జట్టువాళ్లు కూడా నవ్వారు. విరామంలో ఆ ఆటగాడు సిగ్గుపడుతూ బూట్లు విప్పేసి, ఒట్టి కాళ్లతో మిగతా ఆట ఆడాడు.

అడవి పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది. మగవాళ్లు పనుల్లోనో, కోడిపందేల దగ్గరో ఉంటారు. సంతకు వచ్చేది ఆడవాళ్లు. భర్తకు చెప్పులు తేవాలంటే ఆయన పాదం పొడవుకు ఒక పుల్ల విరిచి కొంగున ముడేసుకుని వస్తారు. దుకాణంలో ఆ పుల్లను చెప్పు మీద పెట్టి, సరిపోతే కొనుక్కుపోతారు. మామ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు. ఒకరోజు నేను పక్కనే కూర్చుని ఉండగా దుమ్ముగూడెం అవతలి పల్లె నుంచి ఒకామె వచ్చి పుల్ల అందించింది.

"మామా, గింత కాలు."

"మంచిది. ఈ పుల్ల ఏం పని చేస్తడమ్మా?"

ఆమె నవ్వింది. "తునికాకుకు పోతడు."

"ఏ కాలు కొలిసినవ్?"

"ఏ కాలైతేంది? రెండూ ఆయినవే గదా!"

"రెండూ ఆయినవే. గానీ ఒకటి జరంత పెద్దగుంటది. ఆ పెద్దది కొలవాలె. పొద్దున కొలిసినవా, పొద్దుగూకినంక కొలిసినవా?"

"పండుకున్నప్పుడు కొలిసిన. మేల్కుంటే కొలవనిస్తడా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. మామ కూడా నవ్వి, పుల్లను మర్యాదగా ఆమెకే తిరిగిచ్చాడు. "పుల్ల చెప్పులేసుకోదు తల్లీ. వచ్చే వారం ఆయిన్నే తీస్కరా" అన్నాడు.

మరుసటి వారం ఆమె వెనకాల ఒక పొడుగాటి మనిషి తల వంచుకుని వచ్చాడు. మామ ఆయన్ని పెట్టె మీద కూర్చోబెట్టి రెండు పాదాలూ చూశాడు. తునికి పొదలు బీడీ ఆకు బాగా వెయ్యాలని సీజన్‌కు ముందే కొమ్మలు కొట్టేస్తారు. ఆ మొదళ్లు నేలలోంచి మేకుల్లా పైకి నిలబడి ఉంటాయి. మామూలు రబ్బరు చెప్పును ఇటు నుంచి అటు పొడుచుకుని వచ్చేస్తాయి. ఆ మనిషి అరికాలి నిండా పాత మచ్చలే. ఆయనకు టైరు అట్ట వేసి కుట్టిన చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, ఇచ్చాడు మామ. "ఏటి ఇసుకల నడిసెటప్పుడు గివి ఏస్కోకు, బరువైతయ్. చేతిల పట్టుకో" అని కూడా చెప్పాడు. వాళ్లు వెళ్లిపోయాక మామ ముందు వరసలోని రబ్బరు చెప్పులు తీసి వెనక్కి నెట్టేశాడు. ఆ మచ్చలు ఆయన్ని బాధపెట్టాయని నాకు తెలిసింది.

నేను ఆ రోజుల్లో సంతల వెంట తిరగడానికి కారణం ఉంది. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది నడక. మగవాళ్లయితే నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు నడవాలి. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ ఏళ్ల తరబడి పరీక్షలు రాస్తున్నవాణ్ని. వయసు పరిమితి ఆ ఏడాదితో సరి. ఈసారి పోతే సర్కారు కొలువు మాట ఇక ఎత్తే పని లేదు. అబ్బాయికి నేడో రేపో ఉద్యోగం వస్తుందని పెళ్లిచూపుల్లో మావాళ్లు చెప్పిన మాట అప్పటికి బాగా పాతబడింది. మా ఆవిడ ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేదేమో, నేనూ నాలుగు మాటలు అని తేలికపడేవాణ్ని.

నడకకు బూట్లు కావాలని నేరుగా మామ దగ్గరికే వెళ్లాను. నాతోపాటు ఎంపికైన వాళ్లలో సగం మంది అప్పటికే చీలమండ దాకా వచ్చే అడవి బూట్లు కొనేశారు. అడవి ఉద్యోగం కదా, అడవి బూట్లే ఉండాలని అందరి లెక్క. నా లెక్కా అంతే. మామ విని, తల అడ్డంగా ఊపాడు.

"నౌకరీ అడవిది అల్లుడా, పరీక్ష రోడ్డుది. రోడ్డు మీద గంత బరువు మోసుకొని ఎందుకు నడుస్తవ్? నౌకరొచ్చినంక వాళ్లే ఇస్తరు అడవి బూట్లు."

"అయితే నీ దగ్గరున్నవాటిలో ఒకటి తియ్యి మామా."

"నా దగ్గర లేవు."

"ఇన్ని ఉన్నయ్ గదా!"

"ఉన్నయ్. నీ పనికి లేవు. రేపు సాయంత్రం కొత్తగూడెం పోదాం. నువ్వు ఏసుకునే సాక్సులు తెచ్చుకో."

సాయంత్రమే ఎందుకంటే, పొద్దంతా నడిచిన కాలు కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుసుకుంటుంది. కొత్తగూడెంలోని ఆ పెద్ద షాపులో మామ చేసిన హడావుడి నేను మర్చిపోలేను. సేల్స్‌మన్ తెచ్చిన ప్రతి బూటునూ చేత్తో వంచి చూశాడు. "వేళ్ల కాడ వంగాలె. నడుమ వంగేది నడకకు పనికిరాదు" అంటాడు. మడమ వెనక బొటనవేలితో నొక్కుతాడు. నన్ను బయటికి పంపి, షాపు ముందున్న ర్యాంపు మీద ఎక్కీ దిగీ చూడమంటాడు. "దిగెటప్పుడు వేళ్లు ముందలికి గుద్దుకుంటున్నయా? నిజం చెప్పు, మొగమాటపడకు." షాపుకు వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. నాకు సిగ్గు. ఆకుపచ్చ గీతలతో మెరిసే బూట్ల మీద నా మనసు పడింది. మామ వాటిని చూసి, "పెళ్లికి పోతున్నవా?" అన్నాడంతే. చివరికి తీసుకున్నవి బూడిద రంగువి, తేలికైనవి, ముందు బొటనవేలంత ఖాళీ ఉన్నవి. ఎవరూ రెండోసారి చూడని బూట్లు.

కొన్న బూట్లను పరీక్ష రోజు కోసం దాచిపెడదామనుకున్నాను. మామ ఒప్పుకోలేదు. "కొత్త బూటు, కొత్త అల్లుడు ఒకటే. మొదాల్ల ఇద్దరూ కరుస్తరు. ఇప్పట్నుంచే అలవాటు చేస్కో" అన్నాడు. ఆ మరునాటి నుంచి నా సాధన ఆయన సంతలతో ముడిపడింది. బడి లేని రోజున చీకటి వీడకముందే ఆయన ట్రాలీలో బయల్దేరేవాడు, నేను నడుచుకుంటూ వెళ్లేవాణ్ని. నేను చేరేసరికి బేరాలు జోరుగా సాగుతుండేవి. అన్నీ ఆపి, నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి, సాక్సులు విప్పించి, వేళ్ల మధ్య చూసేవాడు. సంతకు వచ్చిన ఆడవాళ్లు కూడా వంగి చూసి, ఎర్రబడింది ఇక్కడ, ఇక్కడ అని చూపించేవారు. ముప్ఫై ఏళ్లు దాటిన మాస్టారి కాళ్ల మీద ఊరంతా చర్చ చేస్తుంటే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. "మంట మొదలైనప్పుడే ఆగి లేసులు సర్దుకోవాలె. బొబ్బ లేసినంక ఆగి ఏం ఫాయిదా?" అనేవాడు. ఈ మాట నేను కాళ్ల విషయంలో కన్నా ఇంట్లో ఎక్కువగా వాడుకున్నాను. చిన్న మాట దగ్గరే ఆగడం నాకు మామే నేర్పాడు.

పరీక్ష ముందు రోజు ఇద్దరం ట్రాలీలో ఆ దారి చూసి వచ్చాం. రెండు వైపులా టేకు చెట్లు, మధ్యలో తారు రోడ్డు. సగం దాటాక రోడ్డు పక్కనే ముత్యాలమ్మ గద్దె ఉంది. వేపచెట్టు కింద రెండు రాళ్లు, పసుపు, కుంకుమ. మా వైపు ఆ తల్లి ముందు నుంచి చెప్పులతో ఎవరూ నడిచిపోరు. బస్సులో పోతున్నవాళ్లు కూడా అక్కడికి రాగానే కాళ్లు చెప్పుల్లోంచి బయటికి తీసి దండం పెట్టుకుంటారు. మామ బండి ఆపి, దిగి, మొక్కి, నా వైపు తిరిగాడు.

"రేపు ఈడ ఆగుతవా?"

"ఆగక తప్పుతదా మామా? అమ్మ ముంగట్నుంచి బూట్లతోటి ఎట్ల పోత?"

"నడుమల బూటు ఇప్పితే కాలు ఉబ్బుతది. మళ్లీ పట్టదు. సాక్సుకు ఇసుక అంటుతది, రెండు కిలోమీటర్లు పోకముందే బొబ్బ. పరీక్ష ఈడనే ఐపోతది."

అది నాకూ తెలుసు. తెలిసినా, రేపు ఇక్కడికి వచ్చేసరికి నా చేతులు లేసుల మీదికి పోతాయనీ తెలుసు. చిన్నప్పటి నుంచి పట్టిన భయం, భక్తి, ఒక్క రాత్రిలో ఎక్కడికి పోతాయి? మామ ఇంకోసారి వేపచెట్టు వైపు చూసి బండెక్కాడు. తిరుగు దారిలో ఆ సంగతి ఎత్తలేదు.

తెల్లవారుజామున నడక మొదలైంది. పరుగు అందుకున్నవాళ్లను పోనిచ్చాను. అడవి బూట్లవాళ్లు మొదట బాగానే నడిచారు. ఎండ పైకి వచ్చేకొద్దీ ఒక్కొక్కరే కుంటడం మొదలైంది. నా కాళ్లు బాగానే ఉన్నాయి. కానీ గద్దె దగ్గరపడేకొద్దీ చూపు లేసుల మీదికే పోయింది. నా ముందున్న ఇద్దరు అక్కడికి చేరి ఆగిపోయారు. ఒకడు నిలబడే దండం పెట్టబోయి, మనసొప్పక కింద కూర్చుని లేసులు విప్పుకుంటున్నాడు. నా అడుగు కూడా తగ్గింది. వంగబోయాను.

"ఆగకు! నడువ్!"

వేపచెట్టు కింద మామ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి, తల్లి వైపు తిరిగి, నా వైపు చూడకుండా అరుస్తున్నాడు. "నీ మొక్కు నేను మొక్కుతున్న. అమ్మకు చెప్పిన. అల్లుడు పరీక్షలున్నడు తల్లీ, వాని బదులు నేనున్నా అని చెప్పిన. నువ్వు నడువ్!"

నేను నడిచాను. ఆ తర్వాతి దారి సగం నాకు గుర్తు లేదు. కళ్లలో నీళ్లు, మెడ మీద ఎండ. మోకాళ్లు పట్టేసిన చోట మామ అరుపే మళ్లీ మళ్లీ వినిపించింది. గడువు ముగియకముందే చివరి గీత దాటాను. రోడ్డు పక్కనే చెట్టు కింద కూలబడ్డాక ఎవరో నీళ్లిచ్చారు. ఇప్పుడు నేను గోదావరి వైపు ఒక బీట్‌లో పనిచేస్తున్నాను. నా ఇల్లు ఆ నడక మీదే నిలబడింది. మామకు ఈ మాట సరిగ్గా ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పబోతే, "బూట్లు పాతబడ్డయి, మార్చు" అని మాట మళ్లించేవాడు.

ఆ రోజు మామ ట్రాలీని దూరంగా ఆపి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పాసయ్యావా అని అడగలేదు. రోడ్డు మీదే గొంతుక్కూర్చుని నా లేసులు విప్పాడు, సాక్సులు లాగాడు, వేళ్ల మధ్య ఒక్కొక్కటే చూశాడు. "బొబ్బ లేదు" అన్నాడు. ఉద్యోగం తనకే వచ్చినంత గర్వంగా చుట్టూ ఉన్నవాళ్లకు కూడా చెప్పాడు. "సూడుండ్రి, ఒక్క బొబ్బ లేదు." తర్వాత నా బూట్లు చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు. నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. అప్పటికి తారు బాగా కాలింది.

"మామా, నీ చెప్పులేవి?"

ఆయన కిందికి చూసుకున్నాడు. వేరే ఎవరి కాళ్లో చూస్తున్నట్టు చూశాడు. "అమ్మ కాడనే ఇడిసి వచ్చినట్టున్న" అన్నాడు. మడమల మీద పగుళ్లు, గోళ్ల నిండా ఎర్రమట్టి. ఊరందరి పాదాలూ ఒళ్లో పెట్టుకుని చూసిన మనిషి పాదాలను నేను చూడటం అదే మొదలు. నేను చెట్టు కింద నుంచి లేవలేని స్థితిలో ఉన్నాను. చేతికందిన నా సాక్సులు రెండూ తీసి ఆయన ముందు తారు మీద పరిచాను.

"ఛీ, చెమట సాక్సులు! తియ్యి రా" అంటూనే మామ వాటి మీద నిలబడి, నా బూట్లను గుండెకు ఆనించుకుని, వెనక మిగిలినవాళ్లు ఎలా నడుస్తున్నారో రోడ్డు వైపు చూస్తున్నాడు.